వగ్దీ బాబాయ్ ట్రామ్ టికెట్టు

మా వగ్దీ బాబాయ్‌కి ఉన్నది ఒక్కటే జబ్బు. ఏ వస్తువైనా ఇంకో వస్తువు మీద కూర్చుని కనిపిస్తే చాలు, ఆ రెంటి మధ్యా సందుందా లేదా అని చూడకుండా ఉండలేడు. చొక్కా జేబులో ఎప్పుడూ పాత ట్రామ్ టికెట్లు ఉంటాయి. ఒకటి తీస్తాడు. వంగుతాడు. బల్ల కాలి కిందో, బీరువా కిందో, కుర్చీ కిందో పెట్టి మెల్లగా తోస్తాడు. దూరకపోతే "అల్‌హమ్దులిల్లా" అని లేస్తాడు. దూరిందా, ఇక ఆ పూటకి ఆయనకి తిండి సయించదు, పక్కనున్న వాళ్ళని తిననివ్వడు.

నా పేరు నబవియ్యా. అలెగ్జాండ్రియాలో, బహరీ పేటలో, రేవు వెనక సందులో పొద్దున్నే ఫూల్ అని చిక్కుడు గింజలు ఉడకబెట్టి అమ్ముతాను, తామియా వడలు వేస్తాను. బాబాయ్ కొట్టు నాకు ఎదురుగానే. సొంత బాబాయ్ కాదు లెండి, పేటందరికీ బాబాయే. మా పేటలో చేప అంటే వేపుడుకే. ఊరంతా చచ్చిన చేపలు అమ్ముకుంటుంటే ఈయనొక్కడూ బతికున్న చేపలు అమ్ముతాడు. వాటికి గాజు తొట్లు కూడా తనే కోసి అంటిస్తాడు. రేవు నుంచి వచ్చే కుర్రాళ్ళు ఊరుకుంటారా?

"బాబాయ్, ఈ ఎర్రదాన్ని వేయిస్తే ముల్లెక్కువా?"

"నిన్ను వేయిస్తే కొవ్వెక్కువ. పో అవతలికి."

ఆ టికెట్టు జబ్బు ఎక్కణ్ణుంచి వచ్చిందంటే, ఆ తొట్ల నుంచే. నేనే అడిగాను ఓసారి. "ఏంటి బాబాయ్, వెంట్రుకంత సందుంటే కొంపలంటుకుంటాయా?" అని.

"అంటుకోవే, మునుగుతాయి," అన్నాడు. "నీళ్ళు బరువు. తొట్టి నాలుగు మూలలా ఆనాలి. మూడు మూలలే ఆనిందనుకో, నాలుగోది గాల్లో ఉండి బరువంతా గాజు మీద పడుతుంది. గాజు చెప్పుకోదు పాపం. నెలో, రెండు నెలలో ఓర్చుకుంటుంది. ఆ తర్వాత ఒకే ఒక్క మాట మాట్లాడుతుంది."

"ఏమని?"

"టప్."

"అయితే ఆ సందులో ఓ కాగితం మడిచి పెడితే సరి!"

బాబాయ్ నావైపు ఎలా చూశాడంటే, ఫూల్‌లో పంచదార వేసిన దాన్ని చూసినట్టు చూశాడు. "గాజు కింద ఎప్పుడూ ఏదీ దూర్చకూడదు నబవియ్యా. అప్పుడు బరువంతా ఆ కాగితం మీదే నిలబడుతుంది. కాలి కింద చూసుకోవాలి. స్టాండు కాళ్ళ కింద."

సరే, తొట్ల వరకూ అయితే పర్వాలేదు. ఈయన అక్కడ ఆగడే! జాబిర్ కాఫీ కొట్లో డొమినో ఆట మాంచి పట్టులో ఉండగా వంగి, బల్ల ఎత్తి, కాలి కింద టికెట్టు పెట్టాడు. బిళ్ళలన్నీ జారి కింద పడ్డాయి. గెలవబోతున్న వాడు పేడ పురుగుని చూసినట్టు చూస్తుంటే, "ఇప్పుడాడుకోండి, కదలదు," అన్నాడు. మంగలి దగ్గర ఒక చెంప గీయించుకున్నాక కుర్చీ ఊగుతోందని దిగి, దాన్ని బాగుచేసే సామాను కోసం బజారుకి పోయాడు. సగం గడ్డంతో పేటంతా తిరిగాడు. ఒకటి చెప్పుకోవాలి, నా కొట్టు పాలరాతి పలక మాత్రం ఆయన చలవే. ఫూల్ గిన్నె పెడితే గిన్నెలో పులుసు కూడా ఒక పక్కకి వాలదు.

అన్నిట్లోకీ గొప్పది ఆయన పెళ్ళి ముచ్చట. మా దగ్గర నికా చదివించేటప్పుడు పెళ్ళికొడుకూ పిల్ల తండ్రీ చెయ్యీ చెయ్యీ కలిపితే పైన తెల్ల రుమాలు కప్పుతారు కదా. రుమాలు కప్పారు. చదివించే పెద్దాయన గొంతు సవరించుకున్నాడు. అంతే, వగ్దీ బాబాయ్ చెయ్యి లాక్కుని బల్ల కిందికి దూరాడు.

మామగారు లేచి నిలబడ్డాడు. "ఏరా, పిల్లని వద్దంటున్నావా?"

"లేదు మామా, బల్ల ఊగుతోంది. ఊగే బల్ల మీద పెళ్ళెందుకని."

ఇహ్సాన్ పిన్ని ఈ కథ ఇప్పటికీ చెప్పి నవ్విస్తుంది. "ఆయన నన్ను చూడకముందు బల్లని చూశాడే. అప్పుడే అనుకున్నా, ఈ కొంపలో నేను పడిపోను, మిగిలినవన్నీ నేనే భరించాలి అని."

ఇక అసలు సంగతికి వస్తా. మా అమ్మాయి నగ్లా పెళ్ళి. పిల్లాడు రగబ్, కరెంటు పని చేస్తాడు, నెమ్మదస్తుడు. వాళ్ళమ్మ తఫీదా వదిన మాత్రం... పోనీలెండి, వియ్యపురాలు. ఆవిడ మూడో అంతస్తు నుంచి తాడుకి బుట్ట కట్టి కూరలు కొంటుంటే, బేరం రెండు వీధుల అవతల వినపడుతుంది.

మా నగ్లాకి హాల్లో చేపల తొట్టి కావాలి. రగబ్ సరేనన్నాడు. ఇక్కడే పెద్దలు కూర్చున్నారు, ఎవరేం తేవాలో తేల్చడానికి. గాజు సామాను, గిన్నెలు పిల్ల వాళ్ళవి. చెక్క సామాను పిల్లాడి వాళ్ళది. అది పద్ధతి. మరి చేపల తొట్టి? మా తోటికోడలి మొగుడు కాసేపు ఆలోచించి తీర్పు చెప్పాడు. తొట్టి గాజు కదా, మీది. స్టాండు చెక్క కదా, వాళ్ళది. అందరూ "భేష్" అన్నారు.

వగ్దీ బాబాయ్‌కి చెప్పేసరికి నెత్తి పట్టుకున్నాడు. "మనిషికి నడుం ఒక ఊళ్ళో, కాళ్ళు ఇంకో ఊళ్ళో చేయిస్తారటే? పిల్లా పిల్లాడూ ముందు చూసుకున్నారా లేదా? తొట్టీ స్టాండూ కూడా ఓసారి చూసుకోవాలి. పట్రమ్మను ఆ స్టాండు నా కొట్టుకి."

కబురు పంపాను. తఫీదా వదిన ఒప్పుకుంటేనా! "మా అన్న దమియెట్టా వెళ్ళి, వడ్రంగుల ఊళ్ళో చేయించుకొచ్చాడు. సామాను దింపే రోజు దాకా దుప్పటి తియ్యను. నలుగురి కళ్ళూ పడితే దిష్టి," అంది. నేను మాత్రం తక్కువ తిన్నానా? "అలాగైతే నా తొట్టి కూడా ఎవరికీ చూపించను," అని బాబాయ్ అంటించడం పూర్తి చెయ్యగానే దుప్పటి కప్పి నీలం పూస కట్టేశాను. కప్పేముందు చూసుకుంటే ఒక మూల గమ్ములో వేలిముద్ర. ఆరకముందే మా నగ్లా ముట్టుకుని చూసిందన్నమాట. బాబాయ్ నవ్వి, "పిల్ల సంతకం పెట్టింది, ఉండనీ," అన్నాడు.

గురువారం పెళ్ళనగా సోమవారం సామాను దింపాం. డప్పులు, నాలుకలాడిస్తూ ఆడవాళ్ళ సంబరం కూతలు, బండి మీద పరుపులు, పరుపుల మీద మా చెల్లెళ్ళు. కొత్త ఇల్లు నిజంగా ముద్దుగా ఉంది. తఫీదా వదిన చక్కెర బాదం పలుకుల పళ్ళెం పట్టుకుని ప్రతి వాళ్ళకీ నేల చూపిస్తోంది.

"ఈ టైల్సన్నీ మా రగబ్ తన చేతుల్తో వేశాడు. కరెంటు పని వాడు, మేస్త్రీ పని ఎప్పుడు నేర్చాడో! ఒక్క శుక్రవారం కూడా నడుం వాల్చలేదు నా బిడ్డ."

నాకూ పొంగిపోయింది. నా కూతురు నడిచే నేల అల్లుడు తన చేత్తో వేశాడంటే ఏ తల్లికి బాగుండదు? రగబ్ పక్కనే నిలబడి చెవులు ఎర్రగా చేసుకుని నవ్వుతున్నాడు.

దుప్పట్లు తీశారు. గుమ్మంలోంచి రాగానే కనపడాలని స్టాండు కిటికీ పక్క పెట్టారు. జాబిర్, రగబ్ తొట్టిని ఎత్తి దాని మీద పెట్టారు. ఆడవాళ్ళందరం కూత పెట్టాం. ఎవరో బకెట్టుతో నీళ్ళు కూడా తెచ్చారు.

"ఆగండి," అన్నాడు వగ్దీ బాబాయ్. జేబులోంచి టికెట్టు తీశాడు.

ఒక మూల, దూరలేదు. రెండో మూల, దూరలేదు. మూడోది, లేదు. కిటికీ వైపు మూల పెట్టాడు. టికెట్టు జుయ్యిమని సగం దాకా పోయింది.

"టికెట్టు దూరింది," అన్నాడు.

డప్పు ఆగింది.

"అయితే తొట్టి వంకర," అంది తఫీదా వదిన. "దమియెట్టా వడ్రంగికి వంకరంటే తెలీదు."

"వగ్దీ బాబాయ్ గాజు వంకర పోవడం ఈ పేటలో ఎవరైనా చూశారా వదినా?" అన్నాను. "మీ స్టాండే లారీలో ఊగీ ఊగీ నడుం విరగ్గొట్టుకుని ఉంటుంది."

"మా స్టాండు నడుం సంగతి నీకెందుకు? నీ కూతురి నడుం చూసుకో, చీపురు పట్టడానికైనా వంగుతుందో లేదో!"

"దానికి వంగే పనేముంది? మీవాడు వంగుతాడుగా. చిన్నప్పట్నుంచీ మీ ముందు వంగీ వంగీ అలవాటే!"

"విన్నారా అమ్మా, విన్నారా! గాజే ఇంత వంకరైతే తెచ్చిన వాళ్ళెంత వంకరో!"

అంతే, నాకు కళ్ళు కనపడలేదు. "పరుపులు దింపండర్రా మళ్ళీ," అని మా చెల్లెళ్ళకి చెప్పేశాను. "తలుపు తెరిచే ఉంది," అంది తఫీదా వదిన. లోపల గదిలో నగ్లా ఏడుపు మొదలెట్టింది. మా పెద్ద చెల్లెలు నిజంగానే ఒక దిండు చంకన పెట్టుకుంది. మీకు నవ్వులాట గానీ, ఆ నిమిషంలో పెళ్ళి లేనట్టే. మా దగ్గర ఇంతకంటే చిన్నవాటికే తిరిగిపోయిన సామాను బళ్ళు నేను చూశాను.

తఫీదా వదిన చెయ్యి విసురుతుంటే పళ్ళెంలోంచి ఒక బాదం పలుకు కింద పడింది. పడి ఊరుకోలేదు. మెల్లగా దొర్లడం మొదలెట్టింది. హాలంతా దాటి, ఎవరో పిలిచినట్టు వెళ్ళి, కిటికీ వైపు స్టాండు కాలి దగ్గర ఆగింది. వగ్దీ బాబాయ్ దాన్నే చూస్తున్నాడు. నేనూ చూశాను గానీ, కోపంలో ఉన్న మనిషికి బాదం పలుకు ఏం చెప్తుంది?

బాబాయ్ వంగి ఇంకో జేబులోంచి రసమట్టం తీశాడు. అదే, గాజు గొట్టంలో నీటి బుడగ ఉంటుంది చూడండి, మేస్త్రీలు వాడేది. నేల మీద పెట్టాడు. తలెత్తి రగబ్ మొహం చూశాడు. రగబ్ మొహం సున్నం కొట్టినట్టుంది. బాబాయ్ రసమట్టం తీసి జేబులో పెట్టేసుకుని, మోకాళ్ళు పట్టుకుని లేచాడు.

"ఇద్దరూ ఆపండమ్మా. స్టాండు బంగారం లాంటిది. తప్పు నాది. గాజు వంకర కోశాను."

వగ్దీ బాబాయ్ గాజు వంకర! సముద్రం ఎండిపోయిందన్నా నమ్మేవాళ్ళం.

ముందు నేనే అందుకున్నాను. "ఏం బాబాయ్, పెళ్ళి పెట్టుకుని ఇదేనా నువ్వు చేసే పని?"

"కళ్ళు కనపడకపోతే కొట్టు మూసుకోవాలి!" అంది తఫీదా వదిన.

"ఊళ్ళో వాళ్ళ బల్లలన్నీ చూస్తాడు, తన గాజు చూసుకోడు!"

"బాగా చెప్పావు వదినా. జీవితమంతా టికెట్లు దూర్చడమే సరిపోయింది ఈ ముసలాయనకి!"

"మీరు కూర్చోండి వదినా, మీకసలే కాళ్ళ నొప్పులు."

"నువ్వు కూర్చో ముందు, నీకు రక్తపోటు. ఎవరే అక్కడ, నగ్లా వాళ్ళమ్మకి నిమ్మరసం పట్రండి!"

మా చెల్లెలు దిండు మళ్ళీ మంచం మీద పెట్టింది. మేమిద్దరం ఒకే సోఫాలో కూర్చుని ఒకే గ్లాసు మార్చుకుంటూ వగ్దీ బాబాయ్‌ని కడుపారా తిట్టాం. ఆయన తలొంచుకుని అన్నీ విన్నాడు. "ఎల్లుండికి సరిచేసి తెస్తా," అని తొట్టిని తోపుడు బండి మీద పెట్టుకుని పోయాడు. కిందికి దింపడానికి రగబ్ సాయం వెళ్ళాడు.

బుధవారం తెచ్చాడు. పెట్టాడు. నాలుగు మూలలా టికెట్టు పెట్టి చూపించాడు. దూరలేదు. నీళ్ళు పోశాం, నీళ్ళ అంచు గీత గీసినట్టు నిలబడింది. ఎర్ర చేపలు వదిలాం. గురువారం పెళ్ళి అయింది. తఫీదా వదిన వచ్చిన ప్రతి వాళ్ళకీ చెప్పింది, "గట్టిగా తిడితే గాజైనా తిన్నగా అవుతుంది" అని.

పాపం బాబాయ్ గతే బాగాలేదు. కాఫీ కొట్లో ఆయన వంగితే చాలు, "బాబాయ్, ముందు నీ గాజు చూసుకో!" అని కేకలు. తొట్టి చెయ్యమని చెప్పిన ఒకాయన మనసు మార్చుకుని వేరే కొట్టుకి పోయాడు.

నాకు మాత్రం ఒక పురుగు తొలవడం మొదలెట్టింది. ఎందుకంటే, బుధవారం వచ్చిన తొట్టికి కూడా మూల గమ్ములో మా నగ్లా వేలిముద్ర ఉంది. అంటే కొత్తది కాదు, అదే తొట్టి. వంకర పోయిన గాజు తిన్నగా ఎలా అయింది? అదేమన్నా చొక్కానా, ఇస్త్రీ చెయ్యడానికి?

"బాబాయ్, గాజుని ఎలా సరిచేశావ్?"

"ఎండలో పెట్టానే. కాస్త సాగింది."

మర్నాడు ఫూల్ గిన్నె ముందు పెట్టి మళ్ళీ అడిగాను.

"ఉప్పు నీళ్ళలో నానబెట్టా."

"నిన్న ఎండన్నావు?"

"ముందు ఎండ, తర్వాత ఉప్పు. వంకాయలకి చెయ్యవూ నువ్వు?"

ఇంకోరోజు అడిగితే, "మీరిద్దరూ తిట్టిన తిట్లకి అదే సిగ్గుపడి సర్దుకుంది," అన్నాడు. నవ్వొచ్చింది గానీ నమ్మకం రాలేదు. ఈయన అబద్ధం చెప్తుంటే చెవి గోక్కుంటాడు. ఆ చెవి ఈమధ్య కందిపోయి ఉంటోంది.

ఇక లాభం లేదని ఓ మధ్యాహ్నం నగ్లా ఇంటికి వెళ్ళాను. అది వంటింట్లో ఉంది. నేను హాల్లో తొట్టి ముందు నిలబడ్డాను. చేపలు నన్ను చూస్తున్నాయి, నేను వాటిని చూస్తున్నాను. అప్పుడు గుర్తొచ్చింది, బాబాయ్ ఎప్పుడో అన్న మాట. కాలి కింద చూసుకోవాలి. వెంటనే ఆ బాదం పలుకు కూడా గుర్తొచ్చింది. నా సైజుకి అది తేలికైన పని కాదు గానీ, నేల మీద బోర్లా పడుకున్నాను. చెంప టైల్స్‌కి ఆనించి స్టాండు కాళ్ళ కింద చూశాను.

మూడు కాళ్ళ కింద ఏమీ లేదు. కిటికీ వైపు కాలి కింద మాత్రం సన్నటి బిళ్ళలు, ఒకదాని మీద ఒకటి, టైల్స్ రంగే వేసి, కాలి కొలతకి సరిగ్గా కోసి. వంగి చూస్తే కనపడవు. నాలా పడుకోవాలి.

"అత్తయ్యా! ఏమైందత్తయ్యా! నగ్లా, మీ అమ్మ పడిపోయింది!"

రగబ్ తలుపు దగ్గర. నేను ముందు వేలు పెదవి మీద పెట్టి, తర్వాత ఆ కాలి వైపు చూపించాను. వాడి చెవులు ఎర్రబడ్డాయి. వచ్చి నా పక్కనే నేల మీద కూలబడ్డాడు.

"ఆ మూల టైల్స్ కింద ఇసుక సరిగ్గా కొట్టలేదత్తయ్యా," అన్నాడు గొణుగుతూ. "నాకు తెలీదు, మొదటిసారి వేశాను కదా. బాదం దొర్లినప్పుడు తెలిసింది. నేల వాలితే స్టాండు మెలి తిరుగుతుందట, అందుకే సందొచ్చింది. నేను చెప్పేద్దామనుకున్నా. మా అమ్మ అప్పటికి ముప్ఫై మందికి చూపించింది ఆ నేల. నోరు రాలేదు."

"మరి బాబాయ్?"

"మెట్లు దిగుతూ చెప్పాడు. గాజుకేంరా, సిగ్గుందా శరముందా, నింద వేస్తే మోస్తుంది. నీకు పెళ్ళుంది అన్నాడు. మర్నాడు ఇద్దరం వచ్చి బిళ్ళలు పెట్టాం. తొట్టిని అసలు ముట్టుకోనే లేదు."

నగ్లా గరిటెతో పరిగెత్తుకొచ్చేసరికి నేనూ అల్లుడూ నేల మీద పక్కపక్కనే కూర్చుని చేపల్ని చూస్తున్నాం. "చేపలు బాగున్నాయే," అన్నాను. ఇంకేం అంటాను?

సాయంత్రం కాఫీ కొట్టుకి వెళ్ళాను. బాబాయ్ ఒక్కడే టీ తాగుతున్నాడు. ఎదురుగా కూర్చుని, ఆయన జేబులోంచే ఒక టికెట్టు లాగి బల్ల మీద పెట్టాను.

"బాబాయ్. నీ గాజు వంకర కాదట."

ఆయన చెవి దాకా చెయ్యి వెళ్ళింది. నా మొహం చూసి ఆగిపోయింది. టికెట్టు తీసుకుని రెండు వేళ్ళ మధ్యా నలిపి చూశాడు.

"ఆ రోజు టికెట్టు లావుది నబవియ్యా," అన్నాడు.

"లావుదైతే అసలు దూరదు కదా బాబాయ్!"

"దూరదా?" టికెట్టు మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. "అయితే సన్నది అయ్యుంటుంది. టీ తాగుతావా?"

తాగాను. ఆ మర్నాటి నుంచి నా కొట్టు ముందు ఎవరైనా బాబాయ్ గాజు గురించి కూశారో, వాళ్ళ గిన్నెలో గింజలు తగ్గి పులుసు ఎక్కువయింది. పేటకి విషయం త్వరగానే అర్థమయింది.

తర్వాత నగ్లాకి ఆడపిల్ల పుట్టింది. పేరు దగ్గర మళ్ళీ మొదలయింది మాకూ తఫీదా వదినకీ. ఆవిడ గొంతు రేవు దాకా వెళ్తోంది, నాదేం తక్కువ లేదు. మధ్యలో రగబ్, బాబాయ్ మాట వాడికి నేనే చెప్పాను లెండి, నా చెవి దగ్గరికొచ్చి, "అత్తయ్యా, టికెట్టు లావుది," అన్నాడు. నవ్వాపుకోలేక చచ్చాను. "సరే వదినా, తప్పు నాదే, మీరు చెప్పిన పేరే కానివ్వండి," అన్నాను. అలా ఆ చిట్టిదానికి తఫీదా అని పేరు పడింది. నేను చేసిన పుణ్యకార్యాల్లో ఇంతకంటే కష్టమైంది ఇంకోటి లేదు. ఈ సంగతులేవీ వదినకి తెలీవు, మీరు కూడా చెప్పకండి.

ఏడో రోజు, పిల్లని జల్లెడలో పెట్టి ఊపే పండక్కి, ఇహ్సాన్ పిన్నీ బాబాయ్ వచ్చారు. పిల్ల ఉయ్యాల తొట్టి చేపల తొట్టి పక్కనే, కిటికీ దగ్గర ఉంది. ఆ మూల రగబ్ టైల్స్ పీకి మళ్ళీ వేశాడు, ఈసారి నీటి బుడగ చూసుకుంటూ. అందరూ పిల్లని చూడ్డానికి మూగితే బాబాయ్ జనంలోంచి దూరి, వంగి, ఉయ్యాల తొట్టి కాలి కింద టికెట్టు పెట్టాడు.

రగబ్ ఊపిరి బిగబట్టాడు. నేనూ బిగబట్టాను.

దూరలేదు. ఇంకో కాలు. దూరలేదు. నాలుగూ చూశాడు. "అల్‌హమ్దులిల్లా" అని మోకాళ్ళు పట్టుకుని లేచాడు.

అప్పుడు చూశాడు పిల్లని.